పిడి ఊడదీయండి, సుఖపడండి: ఇస్త్రీ పెట్టె ఉన్న ఇంటికి పన్నెండు చిట్కాలు

నర్సీపట్నంలో పాత ఇళ్ళ అటకలు వెతికితే బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఒకటి ఇప్పటికీ దొరుకుతుంది. మూతకి గడియ, పక్కల గాలి కంతలు, లోపల తాతల నాటి బూడిద. ఎత్తితే ఐదారు కిలోలు. దాన్ని చూడగానే చాలామంది బెంగపడతారు, ఇక ఆదివారాలు పోయినట్టేనని. బెంగ అక్కర్లేదు. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టు ఇస్త్రీ పెట్టె ప్రాణం పిడిలో ఉంటుంది. పిడి లేని పెట్టె ఉత్త కుంపటి. కుంపటితో బట్టలు రుద్దమని ఎంత గయ్యాళి అత్తగారూ చెప్పదు.

మా ఇంట్లో ఇరవై ఏళ్ళుగా ఇస్త్రీ నా బాధ్యత. ఆ ఇరవై ఏళ్ళలో నేను పూర్తి చేసిన చొక్కాలు నాలుగు. ఆ అనుభవసారం అంతా కింద ఇస్తున్నాను. వరసగా పాటించండి. మధ్యలో ఏదీ వదలకండి.

1. ముందు పిడి ఊడేలా చూసుకోండి. మన బొగ్గుల పెట్టెకి పిడి మూత మీదే ఉంటుంది. రెండు ఇనప కమ్మీలు, వాటి మధ్య చేతి పట్టుకి సరిపోయే కర్ర, కర్రలోంచి బోల్టు, చివర నట్టు. ఆ నట్టు మీ పాలిట కొంగుబంగారం. ఒక్కసారే విప్పేస్తే మీ మీద అనుమానం వస్తుంది. వారానికి పావు తిప్పు చొప్పున వదులు చెయ్యండి, అప్పుడు నింద కాలం మీదకి పోతుంది. ‘పాతదైపోయింది పాపం’ అని ఇంట్లో వాళ్ళే అంటారు. ఊడే రోజుకి పెట్టె చల్లగా ఉండాలి. నిప్పులతో ఉన్నప్పుడు ఊడితే ఎవరి కాలి మీదో పడుతుంది, వాళ్ళని ఆసుపత్రికి మోయడం ఇస్త్రీ కంటే పెద్ద పని.

2. మూడు పెట్టెలు, ఒకే పిడి అనే సూత్రం గుర్తుంచుకోండి. ఊడే పిడిని లోకానికి ఇచ్చినావిడ అమెరికాలో అయోవా రాష్ట్రం ఒటమ్వా ఊరి మేరీ ఫ్లారెన్స్ పాట్స్. 1871లో పేటెంటు తీసుకుంది. అంతకుముందు ఇనప దిమ్మకి ఇనప పిడే ఉండేది, పొయ్యి మీద పెడితే రెండూ కలిసి కాలేవి, గుడ్డ చుట్టి పట్టుకోవాల్సి వచ్చేది. ఆవిడ కర్ర పిడిని విడిగా చేసింది. మూడు దిమ్మలు పొయ్యి మీద వేడెక్కుతుంటాయి, చల్లటి పిడి ఒకదానికి తగిలించి రుద్దుతారు, అది చల్లారగానే విడదీసి ఇంకోదానికి తగిలిస్తారు. 1876లో ఫిలడెల్ఫియా శతాబ్ది ప్రదర్శనలో కూడా ఆ పెట్టెలు పెట్టారు. ఆవిడ లెక్క ప్రకారం చెయ్యి కాలదు, పని ఆగదు. మొదటి సగం మనకి సమ్మతమే. రెండో సగాన్ని ఇలా సరిచేసుకోండి: మూడు దిమ్మలకి పిడి ఒకటే కనక, ఒక్క పిడి మాయమైతే మూడూ మూలపడతాయి. ఇంత తక్కువ శ్రమతో ఇంత ఎక్కువ పని ఆపే వస్తువు ఇంట్లో మరొకటి లేదు.

3. దాచే చోటు తెలివిగా ఎంచుకోండి. బియ్యం డబ్బా పనికిరాదు, రోజూ తెరుస్తారు. దేవుడి గది పనికిరాదు, అబద్ధం చెప్పేటప్పుడు మనసు పీకుతుంది. ఆవకాయ జాడీ వెనక కొంతవరకు మేలే గాని కొత్తావకాయ రోజుల్లో దొరికిపోతారు. అన్నిటికంటే మంచిది వేరేవాళ్ళ ఇల్లు. నర్సీపట్నం రోడ్డు స్టేషన్ని చూసి నేర్చుకోండి. పేరు మన ఊరిదే, రైలు దిగినవాడు మాత్రం ఊరు చేరడానికి మళ్ళీ బండెక్కాలి. పెట్టెకీ పిడికీ మధ్య ఆపాటి దూరం ఉండాలి. నేను మా పిడిని మూడేళ్ళు పెదబొడ్డేపల్లిలో స్నేహితుడి ఇంట్లో, వాడి పాత హెల్మెట్‌లో ఉంచాను.

4. బొగ్గులు రాజేశాకే పిడి వెతకడం మొదలుపెట్టండి. ఇది చాలామంది తారుమారు చేస్తారు. ముందు కొబ్బరి చిప్పలు, బొగ్గులు వేసి నిప్పు చెయ్యండి. విసనకర్రతో పది నిమిషాలు గట్టిగా విసరండి, నలుగురూ చూసేలా చెమట తుడుచుకోండి. నిప్పులు ఎర్రగా కణకణలాడినప్పుడు ‘అమ్మా, పిడేదే?’ అని కేకెయ్యండి. ఇల్లంతా వెతుకుతారు. మీరు అందరికంటే హడావిడిగా, అది లేదని మీకు రూఢిగా తెలిసిన చోట్లలోనే వెతకండి. అరగంటలో నిప్పులు బూడిదవుతాయి. పని మొదలుపెట్టినవాడు మీరే, చెడగొట్టినవాడు ఎవడూ లేడు.

5. కొత్త పిడి చేయిస్తామంటే సంతోషంగా ఒప్పుకోండి, ఏటికొప్పాక పేరు చెప్పండి. మన అనకాపల్లి జిల్లాలోనే, వరాహ నది ఒడ్డున ఉంది. అంకుడు కర్రని లేతు మీద తిప్పి బొమ్మలు చేస్తారు, 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2025 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్రం శకటం కూడా ఆ బొమ్మలదే. ఇంత ఘనత చెబితే ఎవరూ కాదనరు. మీ లాభం వేరే ఉంది. ఆ బొమ్మల రంగు లక్కతో వేస్తారు. లేతు మీద తిరిగే కర్రకి రంగు లక్క ముక్క ఆనిస్తే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. రాపిడికే కరిగే లక్క నిప్పుల పెట్టె మీద ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మొదటి చొక్కా సగంలో పిడి జిగురుగా అరచేతికి అంటుతుంది, ఎర్ర రంగు కాలరుకి ఎక్కుతుంది. చూడముచ్చటైన పిడిని షోకేసులో పెట్టేస్తారు. అక్కడి నుంచి దాన్ని ఎవరూ కదపరు.

6. ఋతువుకో సాకు సిద్ధంగా ఉంచుకోండి. వానాకాలం: ‘బొగ్గులు చెమ్మగిల్లాయి.’ చలికాలం: ‘లంబసింగి మంచంతా ఘాటు దిగి మన పెరట్లోకి వచ్చేసింది, బట్టలు ఆరలేదు.’ ఎండాకాలం: ‘ఈ ఎండలో నిప్పుల దగ్గర నిలబడితే వడదెబ్బే.’ శివరాత్రికి బలిఘట్టం వెళ్ళాలని పంచెలు తెస్తే: ‘ఉపవాసం ఉన్నవాడి చేత నిప్పు పట్టిస్తారా?’ ఆ సాయంత్రం దాకా ఎవరి కంటా పడకుండా టిఫిన్ తినండి. కరెంటు పోయిందనే సాకు మాత్రం మర్చిపోండి, బొగ్గుల పెట్టె ముందు అది చెల్లదు. కంగారులో ఆ మాట అనేసి పరువు పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

7. తప్పనిసరై చెయ్యాల్సి వస్తే మొదటి చొక్కా మాడ్చండి. నూలుకి ఎక్కువ వేడి, పట్టుకి తక్కువ, టెర్లిన్‌కి ఇంకా తక్కువ అని తెలిసినవాళ్ళు చెబుతారు. శ్రద్ధగా విని సరిగ్గా తిరగేయండి. నీళ్ళు చిలకరించి చుయ్‌మన్న తరవాత కూడా ఆగకండి. బావ చొక్కా అయితే శ్రేష్ఠం, అల్లుడు గనక పైకి ఏమీ అనలేడు. వీపు మధ్యలో పెట్టె పెట్టి, ఎవరో పిలిచినట్టు ‘ఆఁ’ అని వీధిలోకి వెళ్ళండి. తిరిగొచ్చేసరికి ముందు మొన, వెనక వెడల్పు, పెట్టె పాదం అచ్చు గుద్దినట్టు పడి ఉంటుంది. గోధుమ రంగు అంచు, మధ్యలో గాజులా గట్టిపడిన గుడ్డ, వేలు పెడితే పెళుక్కుమంటుంది. ఆ చొక్కాని పారెయ్యనివ్వకండి, దండెం మీద కనిపించేలా ఉంచండి. ఎప్పుడు ఎవరు పని చెప్పబోయినా కళ్ళు దాని మీదకి పోతాయి.

8. పనిని సాగదీయండి, దాని పేరులోనే ఆ హక్కు ఉంది. ఇస్త్రీ అన్న మాట పోర్చుగీసు నుంచి వచ్చిందంటారు, అక్కడ ‘ఎస్తిరార్’ అంటే సాగదీయడం. ఒక చొక్కాకి ముందు గంజి గురించి చర్చ, తరవాత అరటాకు కోసం పెరట్లోకి ప్రయాణం. పెట్టె అడుగు నున్నగా జారడానికి బండివాళ్ళు అరటాకు మీద రుద్దుతారు కనక దీన్ని ఎవరూ తప్పుపట్టలేరు. మీ పెరట్లో అరటి చెట్టు లేకపోతే మరీ మంచిది, పక్కింటి చెట్టు దాకా, అక్కడి కాఫీ దాకా పని సాగుతుంది.

9. పరుపుని పనిలో పెట్టండి. ప్యాంటు మడతపెట్టి పరుపు కింద పరిచి దాని మీద పడుకోండి. ‘ఏటిరా, పదవుతుంటే ఇంకా పడుకునే ఉన్నావు?’ అంటే ‘ఇస్త్రీ చేస్తున్నాను’ అనండి. అందులో అబద్ధం ఇసుమంతైనా లేదు. ఒకే కాలికి రెండు మడత గీతలు పడితే ఎడమది పాతది, కుడిది కొత్తది అని చెప్పుకోవచ్చు.

10. వీధి చివర ఇస్త్రీ బండాయనతో జాగ్రత్తగా ఉండండి. అంత బరువైన పెట్టెని పొద్దుటి నుంచి చీకటి పడేదాకా తిప్పుతూ కూడా నవ్వుతూ పలకరించే మనిషి. అలాంటివాళ్ళ వల్లే మనకి ముప్పు. మా బండాయన ఒకసారి ‘తెండి బాబూ, పిడి నాను బిగించి ఇత్తాను, డబ్బులేటీ వద్దు’ అన్నాడు. ఆయన చేతిలో రెండు నిమిషాల పని. నేను వెంటనే మా పెట్టె నట్టు విదేశీ కొలతదని చెప్పి తప్పించుకున్నాను. బట్టలు మాత్రం ఆయనకే వెయ్యండి, డబ్బులు బావ ఇస్తాడు. మడతలు చెదరకుండా వెనక గుమ్మంలోంచి తెచ్చి మీ బల్ల మీద పెట్టుకుని, నుదుటి మీద రెండు నీటి చుక్కలు చల్లుకోండి.

11. ఇంట్లోకి కరెంటు పెట్టె రానివ్వకండి. 1882లో న్యూయార్కులో హెన్రీ సీలీ దానికి పేటెంటు తీసుకున్నప్పటి నుంచీ సోమరులకి సుఖం తగ్గుతూ వచ్చింది. దాని పిడి ఊడదు, బొగ్గు చెమ్మగిల్లదు, స్విచ్చి వేసిన ఐదు నిమిషాలకి సిద్ధం. మా అక్క కొంటానన్న రోజున నేను నాయనమ్మ ఫొటో ముందు నిలబడి, ఈ బొగ్గుల పెట్టె ఆవిడ చేతి గుర్తు అని చెప్పాను. అక్క కళ్ళు చెమ్మగిల్లాయి, కొనడం మానేసింది. తరవాతి ఏడు కూడా అదే మాట చెప్పండి, ఫొటోకి దండ మార్చండి.

12. ఇంట్లో మసిగుడ్డలు కూడా దాచండి. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం, మీకు ఉచితంగా ఇస్తున్నాను. మేనకోడలి పెళ్ళి ముందు రాత్రి మా పిడి పద్ధతి ప్రకారమే మాయమైంది. అందరూ పడుకున్నారు. తెల్లారుజామున లేచి చూస్తే వరండాలో మా అమ్మ, పిడి లేని కమ్మీలకి మసిగుడ్డ నాలుగు మడతలు చుట్టి, రెండు చేతులతో పట్టుకుని బట్టలు రుద్దుతోంది. గుడ్డ అంచు కమిలి పొగ వస్తోంది. ఒక్కో రుద్దుకి ఆగి వేళ్ళు చెవి తమ్మెకి అద్దుకుంటోంది. నా చొక్కాతో కలిపి ఆరు పూర్తి చేసింది. నా చొక్కా మీద ఒక్క ముడత లేదు. నేను అప్పటికప్పుడు లెక్క వేసుకున్నాను: ఇంట్లో ఒక్క మసిగుడ్డ బయట ఉన్నా పద్ధతి మొత్తం దెబ్బతింటుంది. ఆ రోజే అన్నీ ఏరి అటకెక్కించాను.

ఫలితం ఎలా ఉంటుందంటారా? దశలవారీగా వస్తుంది, తొందరపడకండి. మొదటి ఏడాది మీకు చొక్కాలు ఇవ్వడం తగ్గిస్తారు. మూడో ఏడాదికి పని చెప్పడం మానేస్తారు. ఐదో ఏడాదికి బావ తన బట్టలు తనే బండికి వేసుకుంటాడు, మీవి కలపడు. ఆ తరవాత అసలైన విజయం మొదలవుతుంది. నలిగిన చొక్కాతో రెండు పెళ్ళిళ్ళలో ఫొటోలకి నిలబడితే మూడో పెళ్ళికి మిమ్మల్ని పిలవరు. పిలుపు లేదు కనక చొక్కా అక్కర్లేదు. చొక్కా అక్కర్లేదు కనక ఇస్త్రీ లేదు. ఇస్త్రీ లేదు కనక పిడి దాచే శ్రమ కూడా ఉండదు.

నేను ఆ దశకి చేరుకున్నాను. మొన్న మాఘంలో ఇంటిల్లిపాదీ పెళ్ళికి వెళ్ళారు. ఇల్లంతా నాదే. పిడి తెచ్చి పెట్టెకి బిగించి చూశాను, ఇరవై ఏళ్ళయినా చక్కగా సరిపోయింది. చేతిలో బరువుగా, బాగుంది. రుద్దడానికి చొక్కా కోసం బీరువా తెరిచాను. అమ్మ వెళ్ళేముందే నావన్నీ మడతపెట్టి సర్దింది.