ఫైబర్ వేశాంగా, ఇనుము తగ్గిద్దాం!

విజయవాడ చుట్టుపక్కల ఇల్లు కట్టుకునేవాళ్ళకు స్లాబ్ దగ్గరికొచ్చేసరికి సలహాలకు కొదవుండదు. కానూరు, గొల్లపూడి వైపు తరచూ నా చెవిన పడే చిట్కాలు కొన్ని చెబుతాను. మీకూ ఎవరైనా చెబితే దయచేసి పాటించకండి.

"ఫైబర్ ప్యాకెట్లు వేస్తున్నాం కదండీ, చువ్వల ఎడం 6 అంగుళాల బదులు 8 పెడదాం." అన్నిట్లోకీ ప్రమాదకరమైనది ఇదే. సిమెంటు బస్తాకు 125 గ్రాముల ప్యాకెట్ చొప్పున వేసేవి అరంగుళం పొడవుండే సన్నటి ప్లాస్టిక్ పోగులు. మే నెల ఎండకూ వడగాడ్పుకూ పచ్చి కాంక్రీటు పైపొరలో నీరు ఇగిరిపోయి, గంటల్లోనే వెంట్రుకవాసి బీటలు వస్తాయి. ఆ బీటలు సాగకుండా పోగులు పట్టి ఉంచుతాయి. అందుకు వేసుకోండి, మంచిదే. మన తాతలు గోడ మట్టిలో వరిగడ్డి వేసి తొక్కింది కూడా బీటల కోసమే. కప్పు బరువు మోసింది మాత్రం తాటి దూలాలు. గట్టిపడిన స్లాబ్ బరువుకు వంగినప్పుడు అడుగుభాగం సాగుతుంది, అక్కడ పట్టి ఉంచేది ఇనుమే. ఈ ప్లాస్టిక్ (పాలీప్రొపిలీన్) పోగుకు ఇనుము బిగువులో నలభయ్యో వంతు కూడా ఉండదు. తేలికపాటి స్లాబ్‌కైనా మెలిక చువ్వలు స్లాబ్ అడ్డుకోత వైశాల్యంలో 0.12 శాతానికి తగ్గకూడదని కాంక్రీటు ప్రమాణం ఐ.ఎస్. 456 చెబుతోంది. అది కనీసం మాత్రమే. మీ స్లాబ్‌కు ఎంత కావాలో డ్రాయింగ్‌లో ఉంటుంది, దాన్ని ఏ ప్యాకెట్టూ మార్చలేదు.

"విదేశాల్లో ఇనుము లేకుండానే వేస్తున్నారట!" నిజమే, గోడౌన్ల నేలల్లో కొన్నిచోట్ల వేస్తున్నారు. అవి వేరే పోగులు, 40 నుంచి 60 ఎం.ఎం. పొడవుంటాయి, లెక్క కట్టి వేస్తారు. పైగా ఆ స్లాబ్ కింద నేల ఉంది. మీ పడగ్గది స్లాబ్ కింద మీ పిల్లలుంటారు.

"ఫైబర్‌తో మాలు బిగుసుకుంది, రెండు బక్కెట్లు నీళ్ళు పొయ్యి." వద్దు. పోగులు పడితే మాలు బిర్రుగా కనిపించడం సహజం. నీళ్ళు పోస్తే బలం పోతుంది. ప్లాస్టిసైజర్ ఎంత వాడాలో ఇంజనీరును అడగండి. ప్యాకెట్లను చివర్లో మిల్లర్‌లో గుమ్మరించినా పోగులు ఉండలు కడతాయి. విడదీసి చల్లించి, ఇంకాసేపు తిప్పించండి.

"ఫైబర్ ఉందిగా, నీళ్ళు కట్టడం మూడు రోజులు చాలు." ఈ మాట వింటే నాకు కడుపు మండుతుంది. సిమెంటు గట్టిపడేదే నీటితో. మనం కొనే సిమెంటు చాలావరకు బూడిద కలిసిన పీపీసీ. మన ఎండల్లో దానికి 14 రోజుల తడి కావాలి. గట్లు కట్టి నీళ్ళు నిలపండి, దూలాల పక్కలకు తడి గోనెలు చుట్టండి.

ఇక సెంట్రింగ్ తొందరగా ఊడదీసే చిట్కా. మామూలు సిమెంటుకే ఆధారాల మధ్య 4.5 మీటర్ల వరకు ఉన్న స్లాబ్ కింద పోట్లు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. పీపీసీకి ఇంకా ఎక్కువ కావాలి. ఫైబర్ వేసినా ఒక్క రోజు కూడా తగ్గదు.