పిల్లికన్నూ, పదిమంది డాక్టర్లూ

మా చిత్తూరు జిల్లాలో డాక్టర్ల కొరత ఉందన్న మాట పచ్చి అబద్ధం. చంటిబిడ్డ నల్లగుడ్డులో తెల్లటి మెరుపు కనబడనీండి, గడప దాటకముందే నలుగురు నిపుణులు రోగం తేల్చేస్తారు. ‘పిల్లికన్నబ్బా, అదృష్టజాతకం’ అంటుంది అవ్వ. ‘సెల్లు చూసీ చూసీ అట్లయింది’ అంటాడు చిన్నాయన. దిష్టేనని పక్కింటామె తాయెత్తు కట్టిస్తుంది. మందులషాపాయన చుక్కలమందు చేతిలో పెట్టి ‘ఏం గాదులేమ్మా, ఎదిగేకొద్దీ అదే పోతాది’ అంటాడు. వీళ్ళలో ఫీజు అడిగినవాళ్ళు లేరు. అందుకే అంత గురి.

ఇంతమంది చూసినా ఎవరి నోటా రాని పేరు రెటినోబ్లాస్టోమా. కంటి రెటీనాలో పుట్టే క్యాన్సర్. పదిహేను, ఇరవై వేల మంది పిల్లల్లో ఒకరికి, ఎక్కువగా అయిదేళ్ళలోపే వస్తుంది. అరుదే గానీ మర్యాద తెలిసిన రోగం కాదు, మనం మంచిరోజు చూసుకునేదాకా ఆగదు. కంటినరం పట్టుకుని మెదడుకు ఎక్కుతుంది. కంట్లో ఉండగానే పట్టుకుంటే బిడ్డ దాదాపుగా బతికినట్టే, చాలాసార్లు చూపూ దక్కుతుంది. ఆలస్యమైతే కన్ను తీసేసి ప్రాణం కాపాడాలి. ఇంకా ఆలస్యమైతే ఆ బేరమూ ఉండదు.

అనుమానం రావడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించి, గుండుకు గంధం పూసి తీసిన ఫోటో చాలు. ఫ్లాష్ పడితే ఒక కన్ను ఎర్రగా, రెండోది తెల్లగా వస్తుంది. దాన్ని మనం ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తాం.

ఫ్లాష్ అంటే గుర్తొచ్చింది. తిరుపతిలో అలిపిరి దగ్గర టాటా ట్రస్టులు, టీటీడీ కలిసి తలపెట్టిన క్యాన్సర్ ఆసుపత్రికి 2018 ఆగస్టు 31న చంద్రబాబు, రతన్ టాటా పునాదిరాయి వేశారు. 2022 మే 5న జగన్ ప్రారంభించారు. రెండుసార్లూ కెమెరాలు ధగధగ వెలిగాయి. అదే ఊళ్ళో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది, చిత్తూరోళ్ళకు గంటలో రాయవేలూరు సీఎంసీ ఉంది. శిలాఫలకాలకేం లోటు? తొమ్మిదో నెల టీకాకు పోతే తూకం చూస్తారు, చెయ్యి చూస్తారు, కార్డు చూస్తారు. నాయకుల మీద పడ్డ ఆ వెలుగులో రవ్వంత బిడ్డ కంట్లోకి వేసి చూసేదెవరు?

కన్ను తెల్లగా మెరిసినా, ఉన్నట్టుండి మెల్ల వచ్చినా ఈ వారమే కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. మందు చుక్కలేసి, కంటిపాప పెద్దదయ్యాక లోపలికి చూడమని అడగండి. అట్ల చూడకుండా ‘ఏం గాదు’ అన్నది ఎంత పెద్ద డాక్టరైనా నమ్మకండి. అవ్వకు కోపమొస్తే రానీండి.