ఇరవై మూడు జాతుల పెద్దలకు ఆరణి నుంచి ఒక అర్జీ

కుక్కల జాతుల జాబితా తయారుచేసిన కేంద్ర పశుసంవర్ధక శాఖ నిపుణుల సంఘంవారి సముఖానికి,

అయ్యా,

ఈ అర్జీ ఆరణి నుంచి వస్తోంది. పట్టుచీరల ఆరణి కాదు, అది తిరువణ్ణామలై జిల్లాది. మాది తిరువళ్లూరు జిల్లా, పెరియపాళయం అమ్మవారి గుడికి దగ్గర. తమరి ఉత్తరం ఇంగ్లీషులో వచ్చింది, ఇక్కడి కాగితాలన్నీ తమిళం, నేను తెలుగులో రాస్తున్నాను. ఎటూ ఎవరూ చదవరు కనక భాష గురించి పట్టింపు పెట్టుకోలేదు.

తమరి సిఫారసు మీద 2024 మార్చి 12న కేంద్రం అన్ని రాష్ట్రాలకూ రాసింది. మనుషుల ప్రాణానికి ముప్పు తెచ్చే 23 జాతుల కుక్కలను దిగుమతి చేసుకోకూడదు, పెంచకూడదు, అమ్మకూడదు. ఇప్పటికే ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించాలి. ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. చచ్చిన పామును ఇంకా కొడతావెందుకు అంటారేమో. చావలేదండీ. ఆ ఏడాది మేలోనే మా తమిళనాడు అవే పేర్లతో నిషేధం ప్రకటించి, వెంటనే వెనక్కి తీసుకుంది. 2025 డిసెంబరులో చెన్నై కార్పొరేషన్ పిట్‌బుల్‌కీ, రాట్‌వైలర్‌కీ కొత్త లైసెన్సులు ఇవ్వబోనంది. ఎక్కడ కుక్క కరిచినా తమరి జాబితా లేచి కూర్చుంటోంది.

నేను దాన్ని శ్రద్ధగానే చదివాను. టోసా ఇను అని ఒకటుంది, కాస్త కిందికి వస్తే జపనీస్ టోసా అని ఇంకొకటి. రెండూ ఒకటే కుక్క. ఆరణిలో దాన్ని చూసిన పాపాన ఎవరూ పోలేదు, రెండుసార్లు నిషేధించినా మాకు నష్టం లేదు. తర్వాత ‘టెర్రియర్లు’ అని ఒక్క మాటతో తేల్చేశారు. చేతిసంచిలో పట్టే యార్క్‌షైర్ టెర్రియర్ కూడా అందులో పడిపోయింది. పైగా సంకర జాతులు కూడా అన్నారు. మా బజారులో చేపల అంగడి ముందు పడుకునే గోధుమరంగు కుక్కకు తాత ఎవరో ఎవరు రాసిస్తారు? కమ్యూనిటీ సర్టిఫికెట్ల వరసలో మనుషులే ఇంకా నిలబడి ఉన్నారు. రాజపాళయం కుక్క మాత్రం జాబితాలో లేదు, సంతోషం. తెలుగు మాట్లాడే రాజుల ఊరి కుక్క, 2005లో తపాలా బిళ్ల మీదికి కూడా ఎక్కింది. కొత్తవాణ్ణి గుమ్మం తొక్కనివ్వని పట్టుదలలో అది ఏ సీమ జాతికీ తీసిపోదు, ఆ సంగతి తమరి చెవిన పడకపోవడమే మేలు.

ఇక మా వీధి సంగతి. చివరింటి ఆసామికి స్థలాల వ్యాపారంలో డబ్బొచ్చింది. ఇల్లు కట్టాడు, గేటుకు ‘నాయ్‌గళ్ జాక్కిరదై’, అంటే కుక్కలున్నాయి జాగ్రత్త, అని బోర్డు తగిలించాడు, బోర్డు పెట్టాక కుక్క లేకపోతే బాగుండదని రాట్‌వైలర్ పిల్లను తెచ్చాడు. మొదటి నెల ఒళ్లో పెట్టుకుని ఫోటోలు. తర్వాత దాని చోటు గేటు స్తంభం పక్కన. మూడడుగుల గొలుసు, పైన రేకు, సొట్టలు పోయిన గిన్నె అంచుకు ఎండి అంటుకున్న పెరుగన్నం. పట్టీ ఒరిసి ఒరిసి మెడ చుట్టూ వెంట్రుకలు ఊడి, చర్మం కాయ కట్టింది. బడిపిల్లలు పోతూ పోతూ గేటు ఊచల మీద స్కేలు గీకుతారు. అది ఎగురుతుంది, గొలుసు అయిపోయిన చోట గొంతు బిగిసి వెనక్కి పడుతుంది. పొద్దునా సాయంత్రం ఇదే తంతు. బయటి లోకం గురించి దానికి తెలిసిందల్లా ఆ స్కేలు చప్పుడు. ఏదో ఒకనాడు కొక్కెం ఊడుతుంది. మర్నాడు పేపర్లో జాతి పేరు పడుతుంది, కొక్కెం సంగతి ఎవరూ రాయరు.

ఎదురింట్లో పింఛను పుచ్చుకునే పెద్దాయన దగ్గర తెల్లటి పామరేనియన్ ఉంది. గ్యాసు అబ్బాయిని కరిచింది, పోస్టుమ్యాన్‌ని కరిచింది. ఆయన కుర్చీలోంచి లేవకుండానే ‘ఏమీ చెయ్యదు, ఆడుకుంటోంది’ అంటారు. పూలమ్మే ఆమె పిక్క మీది గాట్లు చూపించి, ‘దాని ఆటకి నాకు నాలుగు సూదులు పడినాయి సామీ’ అంది.

రెండు కుక్కలూ ఒకటే అని నేను అనను. పూలామె తన కాళ్ల మీద ఇంటికి వెళ్లింది. 2024 మే 5 రాత్రి చెన్నై థౌజండ్ లైట్స్ పార్కులో రెండు రాట్‌వైలర్లు మీదపడిన కాపలాదారు కూతురు, అయిదేళ్ల పిల్ల, ఆపరేషను బల్ల ఎక్కింది. 2025 ఆగస్టులో జాఫర్‌ఖాన్‌పేటలో పిట్‌బుల్ దాడిలో ఒక మనిషి ప్రాణమే పోయింది. పెద్ద దవడ ఉన్న కుక్కకు రోడ్డు మీద మూతికి చిక్కం ఉండాల్సిందే, కుక్కల ప్రేమికులు నన్ను తిట్టుకున్నా సరే. కానీ చిక్కం తగిలించాల్సింది, గొలుసు పట్టుకోవాల్సింది కుక్క కాదు కదా.

2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన తమరు చూసే ఉంటారు. 18 వేలకు పైగా కుక్కల గురించి యజమానులను అడిగి, 2 వేలకు పైగా కుక్కల జన్యువులు చదివి చూస్తే, కుక్కకూ కుక్కకూ నడవడికలో ఉన్న తేడాలో జాతి వాటా సుమారు 9 శాతం. ఇంగ్లండువారు 1991లో నాలుగు జాతుల మీద చట్టం చేశారు. జనం ఎక్స్‌ఎల్ బుల్లీ అని కొత్తదాన్ని తెచ్చుకున్నారు, 2023 చివర దాన్నీ చేర్చాల్సి వచ్చింది.

కుక్కల తరఫున ప్రభువుల దగ్గరికి వెళ్లిన మొదటి అర్జీ నాది కాదు. నన్నయ భారతం మొదట్లోనే సరమ అనే ఆడకుక్క వెళ్లింది. యాగశాల దగ్గర ఆడుకుంటున్న ఆమె కొడుకును జనమేజయుడి తమ్ముళ్లు ఊరికే కొట్టారు. ఆమె రాజును నిలదీసింది, తప్పు చెయ్యనివాణ్ణి కొట్టినందుకు అనుకోని ఆపదలు వస్తాయని చెప్పి మరీ పోయింది. జనమేజయుడు శాంతి చేయించడానికి పురోహితుణ్ణి వెతుక్కుంటూ బయలుదేరాడు. సంఘం వెయ్యలేదు.

కొత్త చట్టాలేమీ అక్కర్లేదు, ఉన్నవాటి దుమ్ము దులిపితే చాలు. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను, జంతువును అజాగ్రత్తగా వదిలి మనుషులకు అపాయం తెచ్చినవాడికి ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అంటోంది. దానికి జాతులు తెలియవు, పామరేనియన్ పెద్దాయనకూ వర్తిస్తుంది. కుక్కను ఎప్పుడూ కట్టేసి ఉంచి కాస్తయినా తిప్పకపోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. మొదటిసారి దొరికితే జరిమానా 10 రూపాయలకు తగ్గదు, 50 దాటదు. ముందు ఆ యాభైని దిద్దించండి. లైసెన్సు కాగితంలో జాతి గడి దగ్గరే ఆగిపోకుండా, కుక్కను రోజూ తిప్పేది ఎవరు, గొలుసు పొడవెంత, పగలు ఇంట్లో ఎవరుంటారు అని కూడా అడగండి. జవాబులు సరిచూడటానికి ఒక మనిషిని గేటు దాకా పంపండి.

చివరింటి ఆసామికి ఈ అర్జీ చదివి వినిపించాను. శ్రద్ధగా విని, ‘ఆ జాబితాలో లేని పెద్ద కుక్క ఏదన్నా ఉంటే చెప్పు సామీ, ఈసారి అది తెచ్చుకుంటా’ అన్నాడు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఆరణి వీధుల్లో నడిచిపోయేవాడు