దుప్పటి పాసైంది

ఈ దేశంలో దుప్పటికి జరిగే మర్యాద దాన్ని కప్పుకునే మనిషికి జరగదు. నమ్మకం లేకపోతే బట్టలు పరీక్షించే ఏ ల్యాబుకైనా వెళ్లి చూడండి. పరీక్షకు ముందు దుప్పటిని ఒక ప్రత్యేకమైన గదిలో పరుస్తారు. గదిలో వేడి 27 డిగ్రీలు, మహా అయితే రెండు డిగ్రీలు అటూ ఇటూ. గాలిలో తేమ 65 శాతం. బయట పుష్యమాసం పళ్లు కొరుకుతున్నా లోపల ఈ లెక్క తప్పడానికి వీల్లేదు. ఐఎస్ 6359 అనే భారత ప్రమాణం అలా శాసించింది. ఆ హాయిలో దుప్పటి కాసేపు సేదదీరాకే పరీక్ష మొదలు.

ఇందులో శాస్త్రం లేకపోలేదు. నూలు, ఉన్ని గాలిలోని తేమను పీల్చుకుంటాయి. పీల్చుకున్న కొద్దీ వాటి బరువూ బలమూ మారిపోతాయి. కాబట్టి ముంబై ల్యాబు లెక్కా హైదరాబాదు ల్యాబు లెక్కా కలవాలంటే రెండు చోట్లా గాలి ఒకటే కావాలి. చల్లటి దేశాలవాళ్లు తమకు 20 డిగ్రీలు పెట్టుకున్నారు, ఉష్ణదేశం వాళ్లం మనం 27 పెట్టుకున్నాం. అంతవరకూ తప్పు పట్టేదేం లేదు. ఆ 27 దగ్గర కొలిచిన సంగతులతోనే చలి గురించి తీర్పు చెప్పేయడం దగ్గరే నాకు పేచీ.

ఇప్పుడు డోంగ్లి వెళ్దాం. కామారెడ్డి జిల్లా, బాన్సువాడ డివిజన్. 2022లో మద్నూర్ నుంచి విడదీసి మండలం చేశారు. అటు నాలుగడుగులేస్తే మహారాష్ట్ర. నల్లరేగడి, పత్తి, సోయా. ఒక నోటితోనే తెలుగూ మరాఠీ. డిసెంబరు, జనవరిలో ఆకాశం నిర్మలంగా ఉండి ఉత్తరపు గాలి దిగిందంటే ఈ వైపు రాత్రి పది డిగ్రీల కిందికి జారడం వింతేం కాదు. ఇలాంటి ఊళ్లో హాస్టలు పిల్లాడికి సర్కారు దుప్పటి అందిందనుకోండి. అందింది అంటున్నాను, ఎప్పుడని అడక్కండి. టెండరు పిలిచి, నమూనాకు సీలు వేసి, ల్యాబుకు పంపి, రిపోర్టు తెప్పించి, లారీ ఎక్కించేసరికి శివరాత్రి వస్తుంది, చలి శివశివా అంటూ వెళ్లిపోతుంది. ఆ సీలు వేసిన నమూనా మాత్రం చలికాలమంతా ఆఫీసు బీరువాలో వెచ్చగా పడుకుంటుంది.

పరీక్షలో ఏం చూస్తారో చెప్తాను వినండి. ఐదు సెంటీమీటర్ల వెడల్పున ఒక పట్టీ కత్తిరిస్తారు. అంచుల్లో పోగులు లాగేసి వెడల్పు సరిచేస్తారు. యంత్రానికి రెండు దవడలుంటాయి, వాటి మధ్య ఇరవై సెంటీమీటర్ల ఎడం. పట్టీని రెంటికీ కరిపించి మీట నొక్కితే పై దవడ మెల్లగా లేస్తుంది. పట్టీ బిగుసుకుంటుంది, ఒక పోగు టప్పుమంటుంది, తర్వాత మొత్తం. ఎంత బలానికి తెగిందో రాసుకుంటారు. నిలువు పోగుకో లెక్క, అడ్డం పోగుకో లెక్క. తర్వాత బరువు, చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని. తర్వాత రంగు. సబ్బునీళ్లలో తిప్పి, బూడిదరంగు మెట్ల కార్డు పక్కన పెట్టి, ఒకటి నుంచి ఐదు దాకా మార్కులేస్తారు. తర్వాత ఉతికితే ఎంత కుంచించుకుపోతుందో.

భలే. లాగితే చిరగదు, తూస్తే తగ్గదు, ఉతికితే వెలిసిపోదు. ఇంక ఒక్క చిన్న ప్రశ్నే మిగిలింది: వెచ్చగా ఉంటుందా? మామూలు కొనుగోలు కాగితంలో ఆ ప్రశ్నకు గడి కనిపించదు. దుప్పటితో పిల్లలు వీరి వీరి గుమ్మడిపండు ఆడతారో, గుంజుడు పందేలు వేస్తారో అన్నట్టే ఉంటుంది పరీక్షల వరస.

వెచ్చదనాన్ని కొలవడం చేతకాక కాదు. 1941లో అమెరికాలో ‘క్లో’ అనే కొలత కట్టారు. ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గర షర్లీ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 1940లలోనే ‘టాగ్’ అనే కొలత తెచ్చారు. వేడి పలక మీద బట్ట పరిచి, అటు నుంచి ఇటు ఎంత వేడి జారిపోతోందో చూస్తారు, అంతే. అంతర్జాతీయ సహాయ సంస్థలు దుప్పట్లు కొనేటప్పుడు టాగ్ ఎంతని అడిగి మరీ కొంటాయి. ఎందుకంటే చలిని ఆపేది పోగు కాదు, పోగుల మధ్య కదలకుండా నిలిచిన గాలి. పాత బట్టలు చీల్చి, ఏకి, మళ్లీ వడికి నేసిన దుప్పటి తూకానికి బ్రహ్మాండంగా నిలబడుతుంది. నాలుగు ఉతుకులకు నూగు ఊడి, అణగారి, గాలి నిలిచే సందు పోతుంది. బరువు ఉంటుంది, వెచ్చదనం ఉండదు. ల్యాబు చూసేది బరువు. పిల్లాడికి కావలసింది రెండోది.

ఆ ల్యాబు రిపోర్టు పట్టుకెళ్లి డోంగ్లిలో ఏ పెద్దమనిషికైనా చూపించండి. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, “గీ కాయితం కప్పుకుంటే సలి ఆగుతదా సారూ?” అంటాడు. మన వ్యవస్థ దగ్గర దానికి జవాబుంది: ఆగుతుంది, 27 డిగ్రీల దగ్గర.

చలికి పెట్టి పరీక్షించడం మనకు రాని విద్యా అంటే, అబ్బే! రేడియో సెట్టును అడగండి. సైన్యానికి ఇచ్చే ఎలక్ట్రానిక్ పెట్టెల్ని మైనస్ 40 దాకా చల్లార్చే గదుల్లో కూచోబెడతారు. ఐఎస్ 9000లో దానికి ఏకంగా ఒక భాగమే కేటాయించారు. అవసరాన్ని బట్టి రెండు గంటలు, 16, 72, 96 గంటలు. బయటికి తీశాక మళ్లీ పలుకుతుందా లేదా చూస్తారు. రక్షణ ఎలక్ట్రానిక్స్‌కు పేరు మోసిన హైదరాబాదు మన రాజధానే. అంటే మన రాష్ట్రంలో చలి పడుతుందేమోనని ట్రాన్సిస్టర్ గురించి బెంగ పెట్టుకునే నిపుణులున్నారు. బతికున్న పిల్లాడి గురించి బెంగపడటానికి మాత్రం ప్రమాణం నంబరు దొరకడం లేదు.

వాడే చోటి చలిలో పరీక్షించకపోతే ఏమవుతుందో లోకం ఒకసారి టీవీలో చూసింది. 1986 జనవరి 28న నాసా వారి చాలెంజర్ వ్యోమనౌక లేచిన 73 సెకన్లకు ముక్కలైంది, ఏడుగురు పోయారు. కారణం ఒక రబ్బరు చుట్టు. చలికి అది బిగుసుకుపోయి సందు మూయలేకపోయింది. అంతకు ముందు జరిగిన ప్రయోగాల్లో అతి చల్లనిది సుమారు 12 డిగ్రీల దగ్గర. ఆ రోజు 2 డిగ్రీలు. ముందురోజు రాత్రి ఇంజనీర్లు వద్దన్నారు, పైవాళ్లు వినలేదు. విచారణలో ఫైన్మన్ అనే శాస్త్రవేత్త ఆ రబ్బరు ముక్కను గ్లాసెడు ఐసునీళ్లలో ముంచి అందరి ముందూ తేల్చేశాడు. ఆయన ల్యాబు ఖర్చు ఒక గ్లాసు, కాస్త ఐసు, ఒక బిగింపు మర. ఇక్కడ గమనించాల్సింది ఆ 12 అంకె. నాసా రబ్బరుకు అనుభవం అంతటితో ఆగిపోయింది. డోంగ్లిలో 12 అంటే “ఇయ్యాల జర నయమే” అనుకునే రాత్రి.

సరే, పిల్లలు మైనర్లు, ఓట్లు లేవు. సియాచిన్ జవాన్ల సంగతేమిటి? అక్కడ మైనస్ 50 కూడా దాటుతుంది. వాళ్ల దుస్తుల మీద కాగ్ రాసిన నివేదిక 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకొచ్చింది. మంచు కళ్లద్దాల కొరత 62 నుంచి 98 శాతం. 2015 నవంబరు నుంచి 2016 సెప్టెంబరు దాకా కొత్త బూట్లు అందక, వాడిన బూట్లనే తిప్పి వాడుకున్నారు. మంచుకొండ మీద తుపాకీ పట్టినవాడికే ఈ వైభోగం దక్కినప్పుడు, మంజీర ఒడ్డున పలక పట్టినవాడు నోరెత్తడం మర్యాద కాదు.

దుప్పటి ఒక్కటే ఈ 27 భోగం అనుభవిస్తోందనుకోకండి. హాస్టలుకు స్లాబు వేసేటప్పుడు తీసిన కాంక్రీటు దిమ్మలు కూడా ల్యాబులో 27 డిగ్రీల నీళ్లలో 28 రోజులపాటు సంక్రాంతి అల్లుళ్లలా ఓలలాడతాయి. స్లాబేమో ఆరుబయట చలిలో మెల్లగా గట్టిపడుతూ ఉంటుంది. పరీక్ష అల్లుళ్లకు, బరువు మోసేది స్లాబు.

పోనీ చలి ఉందని ఒప్పుకునేదెవరు? వాతావరణ శాఖ. మైదానంలో కనిష్ఠం 10 లేదా అంతకంటే తగ్గాలి, పైగా మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు పడిపోవాలి. లేదంటే ఏకంగా 4కు దిగాలి. అదీ కనీసం రెండు కేంద్రాల్లో, వరసగా రెండు రోజులు ఉండాలి. అప్పుడే దానికి శీతల గాలులని పేరు. అంటే చలికీ ఇద్దరు సాక్షులు కావాలి, వాయిదాకు ఇద్దరూ మళ్లీ రావాలి. ఆ థర్మామీటరేమో నేలకు నాలుగడుగుల ఎత్తున, తెల్ల రంగేసిన చెక్క పెట్టెలో, గాలి సూటిగా తగలకుండా ఉంటుంది. నిర్మలమైన రాత్రి నేల దగ్గర అంతకన్నా చల్లగా ఉంటుందని వాతావరణం చదివిన ప్రతివాడికీ తెలుసు. పిల్లాడు పడుకునేది నేల మీద. పెట్టెలో పడుకునే అదృష్టం థర్మామీటరుది.

కనుక ఏలినవారికి నాదొక మనవి. జాతీయ శీతల పరీక్షా కేంద్రాన్ని డోంగ్లిలో పెట్టించండి. కోట్లు పోసి చల్లగది కట్టక్కర్లేదు, జనవరి ఉచితం. కిటికీ రెక్కలు ఊడిన గది ఒకటి చాలు, వెతకడం కష్టం కాదు. దుప్పటిని ఒప్పుకున్న కమిటీ వారంతా అదే దుప్పటి కప్పుకుని ఒక్క రాత్రి అక్కడ పడుకోవాలి. తెల్లారి సంతకం చేయడానికి చెయ్యి వణక్కపోతే దుప్పటి పాస్.

పోటీకి గొంగడిని కూడా పిలవండి. దక్కనీ గొర్రె ఉన్ని, గుంట మగ్గం, చింతగింజల గంజి. వానలోనూ చలిలోనూ మంద వెంట తిరిగే కురుమలు తరతరాలుగా దాన్ని రాత్రీ పగలూ పరీక్షిస్తూనే ఉన్నారు. పాపం, రిపోర్టు తీసుకోవడం మరిచిపోయారు. గరుకుగా ఉంటుందని పిల్లలు ముఖం చిట్లిస్తారు, నిజమే. ఈ రోజుల్లో చవకా కాదు. అయినా వేడి పలక మీద దాన్నీ సర్కారు దుప్పటినీ పక్కపక్కన పరిచి, రెండు అంకెలూ గోడకు అంటించడానికి ఎవరికి అభ్యంతరం?

ఈ చలికాలం మీ ఊళ్లో దుప్పట్ల పంపిణీ జరుగుతుంది. ఒక దుప్పటిని పదిమంది పట్టుకుని ఫొటో దిగుతారు, కప్పుకునేవాడు ఆ ఫొటోలో మూలన ఉంటాడు. మీరు వెళ్లండి. ధర అడక్కండి, బరువూ అడక్కండి. టాగ్ ఎంతని అడగండి, అంకె కాగితం మీద రాసిచ్చేదాకా కదలకండి.