సత్రం భోజనం, కార్పొరేట్ అలక

ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో కూర్చుని క్రికెట్ స్కోరు కోసం తంటాలు పడినవాళ్లకు ఆ తెల్ల పేజీ గుర్తుండే ఉంటుంది. 'యాక్సెస్ డినైడ్' అని ముఖం మీదే చెప్పి, చాలాసార్లు అడుగున చిన్న అక్షరాల్లో 'స్క్విడ్' అని సంతకం కూడా పెట్టేది. తిట్లన్నీ ల్యాబ్ అసిస్టెంటుకు పడేవి. పడాల్సిందే, సైటు మూయించింది ఆయనే కదా. ఆ పేజీ వెనకున్న సాఫ్ట్‌వేర్ ఎవరు రాశారో, ఈనాటికీ దాన్ని ఎవరు బాగుచేస్తున్నారో మాత్రం ఎవరికీ పట్టలేదు.

స్క్విడ్ 1996లో అమెరికాలో పుట్టింది. హార్వెస్ట్ అనే పరిశోధన ప్రాజెక్టు కోడ్ పట్టుకుని డ్యూయెన్ వెసెల్స్ మొదలుపెట్టాడు. అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ సొమ్ముతో కొన్నేళ్లు నడిచింది. 2000లో సొమ్ము ఆగింది. సాఫ్ట్‌వేర్ ఆగలేదు. అదే అది చేసుకున్న పాపం. డబ్బివ్వకపోయినా పని చేసేవాళ్లున్నారని లోకానికి తెలిసిపోయాక, ఇక డబ్బు మాట ఎవరెత్తుతారు?

2021లో ఒక భద్రతా పరిశోధకుడు స్క్విడ్ కోడ్ తిరగేసి 55 లోపాలు పట్టాడు. రెండున్నరేళ్లు ఓపికపట్టి 2023 అక్టోబరులో బయటపెట్టాడు. అప్పటికి 35 లోపాలు దిద్దకుండానే ఉన్నాయి. స్క్విడ్ జట్టు బాగానే సహకరించిందనీ, కాకపోతే చేయడానికి మనుషులే చాలరనీ ఆయనే రాశాడు. ఇంటర్నెట్లో కనబడే స్క్విడ్‌లు 25 లక్షల పైచిలుకు అని కూడా ఆయనే రాశాడు. వాడేవాళ్ల లెక్క లక్షల్లో, దిద్దేవాళ్ల లెక్క వేళ్ల మీద. 'అయ్యో, ఇంత నిర్లక్ష్యమా!' అని ముక్కున వేలేసుకున్నది మాత్రం ఆ లక్షల్లో ఉన్నవాళ్లే.

ఈ దిద్దే పని ఎంత ముదనష్టపుదో నాకు తెలియక కాదు. స్క్విడ్ ఒక ప్రాక్సీ. ప్రాక్సీ అంటే ఇటు బ్రౌజరు ఏం వాగినా, అటు సర్వరు ఏం వాగినా తల తిరగకుండా వినాల్సిన మధ్యవర్తి. సీ ప్లస్ ప్లస్‌లో ఒక్క పాయింటరు గతి తప్పితే అంతా గల్లంతు. పైగా పాత బరువొకటి. ఎవరూ వాడని గోఫర్ ప్రోటోకాల్ స్క్విడ్‌లో ఏళ్ల తరబడి తెరిచే ఉంది, దాంట్లోంచీ సర్వరును పడగొట్టే లోపం ఒకటి తేలింది. ఆరో వెర్షన్లో గోఫర్‌నే పీకి పారేశారు. నన్నడిగితే ఇంత నిఖార్సైన మరమ్మతు ఇంకోటి లేదు.

టైనీప్రాక్సీ కథ ఇంకా రంజుగా ఉంటుంది. పేరుకు తగ్గ బుల్లి ప్రాక్సీ అది. ఏ హెడర్లను తీసేయాలో 'కనెక్షన్' అనే హెడర్ చెబుతుంది. ఎవడో కొంటెవాడు అందులో 'కనెక్షన్' అనే పేరే రాసి పంపితే, ప్రోగ్రాము ఆ జాబితానే చెరిపేసి, చెరిపేసిన చోటే మళ్లీ చదవబోయేది. పదికి 9.8 తీవ్రత. సిస్కోవారి టాలోస్ బృందం 2023 డిసెంబరులో తెలియజేశామనీ, బదులు రాలేదనీ చెప్పి 2024 మే 1న లోకానికి చాటింది. ఆ ఉత్తరం వెళ్లింది ఎప్పుడో వదిలేసిన పాత ఈమెయిలుకట! నిర్వాహకుడికి సంగతి తెలిసింది మే 5న, అదీ లైనక్స్ ప్యాకేజీలు చూసుకునే ఒకాయన చెబితే. వెంటనే దిద్దేశాడు. గిట్‌హబ్‌లో ఒక్క ముక్క రాసి ఉంటే ఆ రోజే దిద్దేవాణ్ణి కదా అని వాపోయాడు. బగ్గు పట్టడానికి అంత మేధస్సు ఖర్చుపెట్టినవారికి చిరునామా వెతికే ఓపిక మిగల్లేదు కాబోలు.

ఇక మన కంపెనీల వైభవం చూడండి. 2015లో వచ్చిన స్క్విడ్ 3.5ను పెట్టి, మళ్లీ దాని ముఖం చూడరు. అది పడిపోయిన రాత్రి మాత్రం 'మా ప్రొడక్షన్ ఆగిపోయింది, అర్జెంటు' అని ముక్కూ ముఖం తెలియనివాడికి హుకుం. కొత్త వెర్షన్ పెట్టండి బాబూ అంటే అలక. సత్రంలో కూర్చుని నెయ్యి తక్కువైందని విస్తరి తోసేసే అల్లుడి వరస. పోనీ ఏడాదికి కాస్త విరాళమివ్వండయ్యా అంటే ఫైనాన్స్ వారు మేలుకుంటారు. వెండర్ కోడ్ ఏది? జీఎస్టీ ఇన్‌వాయిస్ ఏది? మూడు కొటేషన్లు తెచ్చారా? ఉచితంగా వాడుకున్నన్నాళ్లూ ఒక్క కొటేషనూ అడగని ఫైలు అది.

ఇది మన గచ్చిబౌలికే పట్టిన జబ్బేమీ కాదు. 2022 జనవరిలో అమెరికాలోని ఒక ఫార్చ్యూన్ 500 కంపెనీ, కర్ల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సృష్టికర్త డేనియల్ స్టెన్‌బర్గ్‌కు లేఖ పంపింది. లాగ్‌ఫోర్‌జే అనే మరో సాఫ్ట్‌వేర్‌లోని లోపం గురించి తమ ప్రశ్నలన్నిటికీ 24 గంటల్లో జవాబివ్వాలట. లాగ్‌ఫోర్‌జే ఉండేది జావాలో, కర్ల్ రాసింది సీలో. సపోర్టు ఒప్పందం చేసుకోండి, సంతోషంగా చెబుతానన్నాడాయన. తిరుగు టపా వచ్చింది. డేనియల్‌ను డేవిడ్ అని సంబోధిస్తూ, అంటే మేం మీ కస్టమర్లం కామంటారా అని.