మహిమల ఎడిటర్

అమీర్‌పేటలో మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాల శిక్షణ కేంద్రాల్లో కంప్యూటరు విద్య నేర్చి అమెరికా చేరినవారిని గురించి, చేరలేకపోయినవారిని గురించి చెప్పుకోవడం పరిపాటే గాని, ఆ రెండు వర్గాలకూ చెందక దేవతల చేత అద్భుతాలు చేయించే వృత్తిలో కుదురుకున్న మూడో వర్గం మీద తగినంత పరిశీలన జరగలేదు. ఈ వర్గీయుణ్ణి ‘మహిమల ఎడిటర్’ అనవచ్చు. సినిమాతో నిమిత్తం లేకుండా ఎవరికి వారు సొంత ఖర్చుతో తీయించుకునే పాటను ‘ప్రైవేటు ఆల్బమ్’ అంటారు. అది భక్తి పాటయితే, గుడ్డివాడికి చూపు వచ్చే చరణం మొదలు సంతానం లేని ఇల్లాలి ఒడి నిండే చరణం దాకా దేవుడు చేయవలసిన పనులన్నిటినీ చేసిపెట్టేవాడు ఇతడే.

ఇతని కార్యస్థానం సాధారణంగా ఏదో ఒక టిఫిన్ సెంటరు పైన మూడో అంతస్తులో ఉంటుంది కనుక, తెర మీద కైలాసాన్ని మంచు కమ్ముతున్నప్పుడే గదిని దోసెల పొగ కూడా కమ్ముతుంది. ఇతని శాస్త్రానికి మూలాధారం ‘గ్రీన్ మ్యాట్’, అంటే నటి వెనక కట్టే ఆకుపచ్చ గుడ్డ. సాఫ్ట్‌వేరు ఆ పచ్చదనాన్ని చెరిపివేసి, ఆ చోట ఏ లోకం కావాలంటే ఆ లోకాన్ని నిలుపుతుంది. అయితే దానికి రంగు తెలుసు గాని సంప్రదాయం తెలియదు. అమ్మవారి పాటన్నాక వేపమండలు తప్పవు, వేపమండలేమో పచ్చగా తప్ప దొరకవు. పైపెచ్చు నిర్మాతగారి ఇల్లాలు మొక్కుకున్న చిలకపచ్చ పట్టుచీరనే అమ్మవారి వేషధారిణికి కట్టించి తీసుకువస్తారు. ఫలితంగా తల, రెండు చేతులు, ఒక త్రిశూలం మాత్రమే ఆకాశంలో తేలుతూ సాక్షాత్కరిస్తాయి. ఆ రూపాన్ని చూసి నిర్మాత దండం పెట్టి, “గిట్లనే ఉండనీ తమ్మీ, మస్తుగుంది” అనడమూ కద్దు.

ఈ విద్యకు వంశచరిత్ర లేకపోలేదు. 1957 నాటి ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు పాడుతూండగా లడ్డూలు వాటంతటవే నోట్లోకి ఎగిరిన దృశ్యాన్ని మార్కస్ బార్ట్‌లీ కంప్యూటరు ఊసే లేని కాలంలో చిత్రించాడు. 1977 నాటి హిందీ చిత్రం ‘అమర్ అక్బర్ ఆంథొనీ’లో, పాట సాగుతూండగానే సాయిబాబా విగ్రహం కళ్ల నుంచి వెలువడిన జ్యోతులు ఒక తల్లికి చూపునిచ్చాయి. 1995లో ‘అమ్మోరు’ కంప్యూటరు గ్రాఫిక్స్‌ను గ్రామదేవత కొలువులో చేర్చింది. ఇక విజయచందర్ 1978లో ‘కరుణామయుడు’లో క్రీస్తుగాను, 1986లో ‘శ్రీ షిర్డీ సాయిబాబా మహత్యం’లో బాబాగాను నటించాడు, ఎడిటర్ దగ్గర ‘కొత్తది ఫైనల్ రెండు’ అనే పేరుతో భద్రంగా ఉన్న కాంతికిరణం ఫైలు కూడా అటువంటి నటుడే. పంజాగుట్ట ద్వారకాపురి కాలనీ మందిరానికి గురువారాలు వెళ్లే భక్తుల కోసం, బాబా నీళ్లతో వెలిగించిన దీపాల మీద పడిన ఆ కిరణమే ఆషాఢ బోనాల నాటికి ఎర్రబడి ఎల్లమ్మ త్రిశూలం మీద, క్రిస్మస్ నాటికి తెల్లబడి గలిలయ సముద్రం మీద పడుతుంది.

ఇతని తపస్సును భంగపరిచేది ‘కరెక్షన్’. పని పూర్తయిన తరవాత, డబ్బు ఇవ్వడానికి ముందు నిర్మాతకు కలిగే జ్ఞానోదయానికి ఇది పారిభాషిక పదం. “అమ్మ కండ్లల్ల ఇంకింత నిప్పు పెట్టు తమ్మీ” అని అతడంటే, “పెడ్త గని అన్నా, మిగిలిన పైసలు...” అని ఇతడంటాడు, “పాట ఎక్కనియ్యి, అమ్మనే సూస్కుంటది” అన్న అభయంతో సంభాషణ ముగుస్తుంది. పాటలో కుంటివాడి వేషం నిర్మాత బామ్మర్దిది కావడం ఆనవాయితీ కాగా, ఆ బామ్మర్ది అమ్మవారు చెయ్యెత్తకముందే లేచి పరుగెత్తడమూ ఆనవాయితీయే. అప్పుడు అమ్మవారి చేతిని కొన్ని క్షణాలు ముందుకు జరిపి, మహిమకూ ఫలితానికీ కార్యకారణ సంబంధం కుదర్చడం ఎడిటర్ బాధ్యత.

మహిమ తయారీ తెలిసినవాడికి భక్తి తగ్గుతుందనే వాదానికి ఇతని జీవితంలో ఆధారం దొరకదు. పొరలు పొరలుగా పేర్చిన దృశ్యాలన్నిటినీ కంప్యూటరు ఒక్క వీడియోగా వండే ప్రక్రియను ‘రెండర్’ అంటారు. అది తొంభై తొమ్మిది శాతం దగ్గర ఆగినప్పుడు, కరెంటు పోయి యూపీఎస్ కూత పెడుతున్నప్పుడు, ఇతడు సీపీయూకు పెట్టిన పసుపు బొట్టును తాకి కళ్లకద్దుకుంటాడు. గండం గడిస్తే దగ్గరలోని బల్కంపేటకు వెళ్లి మొక్కు చెల్లిస్తాడు. అక్కడ ఎల్లమ్మ నేలమట్టానికి దిగువన, బావిలో శయనించిన రూపంలో ఉంటుంది. ఆమె కళ్లలో నిప్పు లేదు, వెనక కైలాసం లేదు, మీద ఏ కిరణమూ పడదు. ఏ ఒక్క కరెక్షనూ చెప్పకుండా ఇతడు ఆ వరుసలో గంటల తరబడి నిలబడతాడు.