సోమవారం నుంచి అన్నం బంద్

పొట్ట చిన్నది చేయించుకుని 30 కిలోలు తగ్గి, నాలుగేళ్లు తిరిగేసరికి అందులో 12 కిలోలు వెనక్కి తెచ్చుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సలహాలివ్వడానికి నాకున్న అర్హతలు ముందే చెప్పేస్తాను: నాకు ఆ ఆపరేషన్ జరగలేదు, నేను వైద్యం చదవలేదు, మూడు వాట్సాప్ గ్రూపులకు అడ్మిన్‌ని. మళ్లీ కార్బ్స్ మానేసి దారిలో పడాలని మీరు నిర్ణయించుకున్నట్టు తెలిసింది. సంతోషం. అయితే దానికో పద్ధతుంది.

మొదట ముహూర్తం. ఇలాంటి శుభకార్యం గురువారం మధ్యాహ్నం మొదలుపెట్టేది కాదు, సోమవారమే పెట్టుకోవాలి. ఈలోగా అన్నానికి మర్యాదగా వీడ్కోలు చెప్పాలి కాబట్టి శుక్రవారం ముద్దపప్పు ఆవకాయ, శనివారం పులిహోర, ఆదివారం బిర్యానీ, ఆ రాత్రి కడుపు చల్లబడటానికి పెరుగన్నం. సోమవారం పొద్దున్నే ఎవరైనా అమావాస్య అని గుర్తు చేశారనుకోండి, ఇంకో వారం వాయిదా. సంక్రాంతి అరిసెలు అయ్యాక చూద్దామంటే ఉగాది బొబ్బట్లు వస్తాయి. అవి అరిగేలోపు బంగినపల్లి మామిడిపళ్లు దిగుతాయి. తర్వాత శ్రావణం పేరంటాలు, చవితికి ఉండ్రాళ్లు, బతుకమ్మకు సత్తుపిండి. కార్తీకంలో ఉపవాసాలుంటాయి కదా అని ఆశపడకండి. మన ఇళ్లలో ఒంటిపూటంటే రాత్రికి ఉప్మానో ఇడ్లీయో. పిండి తగలని పండుగ ఒక్కటి చూపించండి, ఆ రోజే మొదలుపెడదాం.

అన్నిటికంటే ముఖ్యమైన సలహా ఇప్పుడే చెబుతాను, తర్వాత మర్చిపోతానేమో. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి వైపు తొంగి కూడా చూడకండి. ఏ ముఖం పెట్టుకుని వెళ్తారు? అప్పట్లో మీ పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి గోడకు తగిలించారు. ఆ గోడ కింద కుర్చీలో ఇప్పటి మీరు కూర్చుంటే చూసేవాళ్లకు ఏం బాగుంటుంది? ఇప్పటికే మీ మేనత్త పెళ్లి పందిట్లో పదిమంది ముందు, "ఏమ్మా, లక్షలు పోసి కడుపు కోయించుకున్నావు కదా, మళ్లీ ఇదేంటి?" అని అడిగేసింది. సిగ్గు పడాల్సింది పడ్డారు. దాన్ని జాగ్రత్తగా దాచుకోండి.

ఎందుకంటే ఆ సిగ్గును పాడుచేసే సమాచారం కొంత బయట తిరుగుతోంది. స్వీడన్‌లో 1987లో మొదలైన ఓ పెద్ద అధ్యయనంలో పొట్టకు బైపాస్ చేయించుకున్నవాళ్లు ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గి, పదేళ్లు గడిచేసరికి 25 శాతం దగ్గర నిలబడ్డారు. కొంత వెనక్కి రావడం మామూలేనని, పాత బరువు కోసం ఒళ్లే ఆకలి పెంచి, శక్తి ఖర్చు తగ్గించి పోరాడుతుందని దాని అర్థం. ఇలాంటివి చదివితే సిగ్గు తగ్గుతుంది, సిగ్గు తగ్గితే ఫోన్ చేయాలనిపిస్తుంది, ఫోన్ చేస్తే వాళ్లు అపాయింట్‌మెంట్ ఇచ్చేస్తారు. వెళ్లాక ఊరుకుంటారా? ఎండోస్కోపీ చేసి అతుకు దగ్గర వెడల్పైందా, గొట్టంలా మిగిల్చిన పొట్ట సాగిందా చూస్తామంటారు. థైరాయిడ్ పరీక్ష రాస్తారు. మీరు వాడే మాత్రల్లో బరువు పెంచేవి ఏమైనా ఉన్నాయా అని ఆరా తీస్తారు. తప్పంతా మీది కాదని తేలిపోయే ప్రమాదం ఉంది.

ఇక కార్బ్స్ సంగతి. కార్బ్ అంటే తెల్లన్నం, అంతే. అన్నం మానేస్తే సగం యుద్ధం గెలిచినట్టే. మిగతా సగం జొన్నరొట్టెలతో, కొర్రల కిచిడీతో, రాగి జావతో గెలవచ్చు. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో 100 గ్రాముల బియ్యానికి సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటే, జొన్నలకు 68, రాగులకు 67 వేశారు. ఈ అంకెలను పట్టించుకోవద్దు. అందులో పీచు ఉందిగా, మన తాతలు తిన్నారుగా! (ఆ తాతలు నాగలి పట్టారన్న మాట ఇక్కడ అప్రస్తుతం.) చక్కెర మానేసి బెల్లం వేసుకోండి, బెల్లం మానేసి తేనె వేసుకోండి. ఇడ్లీ ఆవిరి మీద ఉడుకుతుంది కాబట్టి కార్బ్స్ ఆవిరైపోతాయి. సగ్గుబియ్యం పేరులో బియ్యం ఉన్నా అది దుంప నుంచి తీసింది కనుక కూరగాయ కింద లెక్క.

దీనికంటే సూక్ష్మమైన విషయం ఒకటుంది. మీకిది తెలిసే ఉంటుంది, పైకి చెప్పుకోరంతే. స్లీవ్ ఆపరేషన్‌లో పొట్టలో ముప్పాతిక భాగానికి పైగా తీసేసి, అరటిపండంత గొట్టం మిగులుస్తారు. అందులో నాటుకోడి ముక్కో, చేప ముక్కో పడితే కదలకుండా కూర్చుంటుంది, నాలుగు ముక్కలకే గుండె దగ్గర పట్టేసినట్టు ఉంటుంది. అదే చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్టు కానీ, చేగోడీలు కానీ, కారప్పూస కానీ నోట్లోనే నానిపోయి, లోపల ఎక్కడా ఆగకుండా జారిపోతాయి. ఎన్ని తిన్నా ఇబ్బంది లేదు. డైటీషియన్ అమ్మాయి దీన్ని చూపించే, "ముక్క పట్టేసినట్టుండటమే ఆపరేషన్ పనిచేయడం, హాయిగా జారిపోతోందంటేనే అనుమానపడాలి" అంటుంది. పాపం, చిన్నపిల్ల. ఒంటికి ఏది హాయిగా ఉంటే అదే తినాలని ఆయుర్వేదంలో ఎక్కడో ఉండే ఉంటుంది. కాబట్టి భోజనం మానేయండి. భోజనం చేస్తే తిన్నట్టు అందరికీ తెలుస్తుంది. సీరియల్ మొదలైనప్పుడు గుప్పెడు, ప్రకటన వచ్చినప్పుడు గుప్పెడు, పిల్లలు వదిలేసిన పళ్లెంలోది రెండు ముద్దలు, ఫ్రిజ్ తలుపు తీసి నిలబడి ఒక చెంచా. నిలబడి తిన్నది లెక్కలోకి రాదు. ఈ పద్ధతిలో మీరు రోజంతా ఏమీ తిననట్టే, సాయంత్రం తూకం చూసి నిజాయితీగా ఆశ్చర్యపోవచ్చు.

ముక్క దిగకపోతే నీళ్లు తాగి దింపండి. తింటూ తాగొద్దని, తిన్నాక అరగంట ఆగమని వాళ్లు చెప్పేది పట్టించుకోకండి; నీళ్లతో పాటు తిండి తొందరగా జారిపోయి ఆకలి తొందరగా వేస్తుందట. వేయనివ్వండి, గుప్పెడు కారప్పూస ఉంది కదా. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ తినాలని కూడా ఆ అమ్మాయే చెబుతుంది. గుడ్డుకు 6 గ్రాముల లెక్కన 60కే పది గుడ్లు! మనకెందుకు అంత కష్టం, పప్పుచారుంది. గిన్నెడు పప్పుచారులో పప్పు చారెడే ఉంటుందన్నది వంటింటి రహస్యం, దాన్ని బయటపెట్టకూడదు.

కొందరు అసలు నమిలే బాధే వద్దని కొవ్వు మీద పడతారు. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ డైట్ రెండు రాష్ట్రాలనూ ఊపేసిన రోజులు గుర్తున్నాయా, కొబ్బరినూనె, నిమ్మకాయలు, సూప్, రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు? ఆ పాత కాగితం బీరువాలోంచి తీసి, మీ కొత్త పొట్ట గురించి ఎవరినీ అడగకుండా అచ్చంగా అలాగే మొదలుపెట్టండి. బైపాస్‌లో చిన్నపేగు మొదటి భాగాన్ని దాటించేస్తారు గనుక నూనె సరిగా అరగక విరేచనాలు పట్టుకోవచ్చు. అలా అయినా బరువు తగ్గుతుంది కదా!

మగవాళ్లకు ఓ ప్రత్యేక సౌకర్యం. బీరులో కార్బ్స్ ఉన్నాయి, విస్కీలో లేవు. పైగా బైపాస్ తర్వాత మద్యం తొందరగా రక్తంలో కలుస్తుంది, ఒక పెగ్గుకే రెండింటి పని అవుతుంది. ఈ ఆపరేషన్ అయ్యాక తాగుడుకు బానిసలయ్యేవాళ్లు పెరుగుతున్నారని డాక్టర్లు బెంగపెట్టుకున్నారు. మనం మిగిలే డబ్బు చూసుకుందాం.

కార్బ్స్ మానేశాక ఇక మాత్రలెందుకు? బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వేసుకోవాలని మొదట్లో చెప్పారు, మీరు రెండేళ్లు వేసుకుని ఆపేశారు, ఏమీ కాలేదు. అవును, బి12 నిల్వ కాలేయంలో కొన్నేళ్లు నిలుస్తుంది కాబట్టి వెంటనే ఏమీ కాదు. ఆ తర్వాత అరికాళ్లు మొద్దుబారి, కాలి చెప్పు జారిపోయినా తెలియని రోజు వస్తే, వయసు మీద పడిందని సరిపెట్టుకోండి.

షుగర్ మందుల గురించి కూడా ఇలాగే ఓ పేరా రాశాను. సంపాదకులు దాన్ని కొట్టేసి, ఈ నాలుగు ముక్కలు వేస్తేనే వ్యాసం అచ్చవుతుందన్నారు. కాబట్టి వాళ్ల మాటలు వాళ్లవే: ఇన్సులిన్ కానీ గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు కానీ వాడుతూ ఉన్నట్టుండి కార్బ్స్ తగ్గిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లు కార్బ్స్ మానేస్తే షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తం ఆమ్లమయమై ప్రాణం మీదికి రావచ్చు. మందులు మార్చుకోకుండా మొదలుపెట్టకండి, సొంతంగా ఆపకండి. ముందు డాక్టర్‌తో మాట్లాడండి. ఆపరేషన్ అయినవాళ్లకు వాంతులు రోజుల తరబడి ఆగకపోతే బి1 లోపంతో మెదడు దెబ్బతినవచ్చు, అది ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాల్సిన విషయం.

సంపాదకుల భయాలు అయిపోయాయి, మనం తూకం దగ్గరికి వద్దాం. అన్నం మానేసిన మొదటి వారం మూడు కిలోలు తగ్గొచ్చు. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉన్న గ్లైకోజన్ ఖర్చవుతూ తన వెంట పట్టుకున్న నీటిని వదిలేస్తుంది. ఒక్కో గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీళ్లు. అంటే తగ్గింది ఎక్కువగా నీళ్లే. ఈ మాట ఎవరితోనూ అనకండి, గ్రూపులో ఫొటో పెట్టండి. ఆదివారం ఒక్క బిర్యానీతో రెండు కిలోలు తిరిగొస్తాయి, అవీ నీళ్లే. అప్పుడు మాత్రం అది కొవ్వేనని నమ్మి, జీవితం వ్యర్థమని నిర్ణయించి, మొత్తం వదిలేయాలి. ఓపిక పట్టినవాళ్ల గతి చూడండి: విలియం బాంటింగ్ అని లండన్‌లో శవపేటికలు, అంత్యక్రియల వ్యాపారం చేసే ఆయన రొట్టె, చక్కెర, బీరు, బంగాళదుంపలు మానేసి బరువు తగ్గి, 1863లో దాని మీద ఓ చిన్న పుస్తకం వేసుకున్నాడు. ఇరవై కిలోలు తగ్గడానికి సుమారు ఏడాది పట్టింది. మనకు అంత సమయం ఎక్కడిది, మరదలి పెళ్లి వచ్చే నెలే.

పెళ్లి తొందరలో ఉన్నవాళ్లకు ఐదు రోజుల రీసెట్ ఉంది. ఐదు రోజులు ద్రవాల మీద ఉంటే సాగిన పొట్ట మళ్లీ ముడుచుకుంటుందట. ఫోన్ ఆపి ఆన్ చేసినట్టు అన్నమాట. అలా ముడుచుకున్నట్టు రుజువు లేదు, కానీ ఐదు రోజులు కొబ్బరినీళ్లు, పళ్లరసాలు తాగి కార్బ్స్ మానేసిన తృప్తి దక్కుతుంది. అదీ కుదరకపోతే 2025 మార్చిలో మన దేశానికి వచ్చిన మౌంజారో ఇంజెక్షన్ ఉంది. ఆపరేషన్ తర్వాత బరువు పెరిగినవాళ్లకు డాక్టర్లు ఇలాంటి మందులు రాస్తున్నారు, కానీ తక్కువ డోసుతో మొదలుపెట్టి నెలల తరబడి మెల్లగా పెంచుతారు. మీ బావమరిది దగ్గర మిగిలిన పెన్నుకు అలాంటి మొహమాటాలు లేవు.

మా వీధిలో ఒకావిడ ఇవేవీ వినలేదు. స్లీవ్ చేయించుకుని, మీలాగే పన్నెండు కిలోలు పెరిగి, సిగ్గూ ఎగ్గూ లేకుండా అదే ఆసుపత్రికి తిరిగి వెళ్లింది. తిట్టారా అంటే లేదట, ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని మాత్రం అడిగారట. రక్తపరీక్షలో బి12 అట్టడుగున ఉందని ఇంజెక్షన్లు ఇచ్చారు. ఇప్పుడు పళ్లెంలో ముందు గుడ్డో, చేపో, పనీరో తింటుంది, తర్వాత కూర, చోటుంటే చివర్లో రెండు చెంచాల అన్నం. అన్నాన్ని బంద్ చేయలేదు, చివరికి నెట్టింది. మంచినీళ్లు అరగంట తర్వాతే. కారప్పూస డబ్బా ఇంట్లోనే లేదు, పిల్లలు గోల పెట్టినా. సంక్రాంతికి ఒక అరిసె తిని, మర్నాడు పొద్దున్నే మళ్లీ గుడ్డుతో మొదలుపెట్టింది, సోమవారం కోసం ఆగలేదు.

ఇంత చేసి ఏడాదికి ఎనిమిది కిలోలు తగ్గింది, పన్నెండూ కాదు. నా సలహాల మీద నడిచినవాళ్లు ఎంత తగ్గారో లెక్క చెప్పలేను. ఒకసారి విని వెళ్లినవాళ్లు మళ్లీ నాకు కనపడటం లేదు.